నడిమి కుట్టు

దారానికి మైనం పూస్తూ దశరథరామయ్య మళ్ళీ ఒకసారి ఆకాశంకేసి చూశాడు. మబ్బు జాడ లేదు. రోహిణి కార్తె రోళ్ళు పగలగొట్టి పోయింది, మృగశిర వచ్చి కూర్చుంది. అయినా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన లారీల మీద ఎండ పెళపెళలాడుతూనే ఉంది. ఆయన దారాన్ని మైనపు ముద్ద మీదుగా బిగించి లాగాడు, వేళ్ళతో తడిమి చూసుకున్నాడు, ఒకచోట గరుకు తగిలితే మళ్ళీ లాగాడు. జగ్గయ్యపేటలో పొద్దున్నే ఆటో ఎక్కి, హైవే పక్కనున్న కొట్టు ముందు దిగి, తాళం తీసి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాక ఆయన చేసే మొదటి పని ఇదే. ఇవాళ మాత్రం చేతులు ఈ పనిలో ఉన్నా మనసు వేరేచోట ఉంది.

కొట్టంటే పెద్దదేం కాదు. ముందు రేకుల పందిరి, వెనక ఒక గది, ఆ గది మీద అటక. పందిరి కింద పరిచిన చెక్కబల్ల మీద లారీలకు కప్పే పట్టాలు కుడతారు. ఇప్పుడు ఎక్కడ చూసినా నీలం రంగు ప్లాస్టిక్కే గాని, సిమెంటు బస్తాలు, బియ్యం ఎత్తే పాత లారీల వాళ్ళు మాత్రం ఇంకా మందపాటి కాన్వాసు పట్టా కోసం దశరథరామయ్య దగ్గరికే వస్తారు. పొడుగు కుట్లు మిషను మీద వేస్తారు. మూలలు, తాళ్ళు దూర్చే రింగులు, పట్టా నడుమ రెండు ముక్కలు కలిసే చోటు మాత్రం దబ్బనంతో, చేత్తోనే కుట్టాలి. వాన దెబ్బ కాచేది నడుమనున్న ఆ కుట్టే.

ఆయన పుట్టింది వ్యాపారుల ఇంట్లో. అన్నదమ్ములు జగ్గయ్యపేట బజారులో మిర్చి, అపరాల వ్యాపారం చేసి మేడలు కట్టారు. ఈయన్ని కుర్రతనంలో దుకాణంలో కూర్చోబెడితే తక్కెడ ఎప్పుడూ కొనేవాడి వైపే మొగ్గేది. "వీణ్ణి ఇంకో ఏడాది కూర్చోబెడితే మనం కూడా సంచీ పట్టుకుని వీడి దగ్గరే కొనుక్కోవాలి" అన్నాడట తండ్రి. ఆ రోజుల్లోనే బందరు నుంచి మీరాసాహెబ్ అనే ముసలాయన వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. వాళ్ళది రేవులో తెరచాపలు కుట్టిన వంశం. పడవలకు మోటార్లు వచ్చాక తెరచాప అడిగేవాడు లేక, లారీలు ఎక్కడ ఆగుతాయో వెతుక్కుంటూ హైవే మీదికి వచ్చాడు. దశరథరామయ్య వెళ్ళి ఆయన దగ్గర కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. వ్యాపారుల పిల్లవాడు దబ్బనం పట్టాడని నవ్వినవాళ్ళు నవ్వారు. పోనీ పట్టినవాడు కుడిచేత్తో పట్టాడా అంటే అదీ లేదు, ఆయనది పుర్రచెయ్యి.

మీరాసాహెబ్ రేవు నుంచి పనితో పాటు ఒక కట్టుబాటు కూడా తెచ్చాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు తాంబూలం ఇచ్చి మాటకు కట్టుబడతాడు. తిండి, బట్ట, చేతిఖర్చు కొట్టువే. వాడు ఒక్కడే సొంతంగా కుట్టిన పట్టా కింద గురువు కూర్చుని, పైన నీళ్ళు పోయించుకుని, పొడిగా లేచి రావాలి. అప్పుడే విడుదల. పరీక్ష ఏడాదికి ఒకసారి, మృగశిరలో. ఒక్క చుక్క కారినా ఇంకో ఏడాది ఉండాలి. రేవులో పని సరిగ్గా రానివాడి తెరచాప నమ్మి సముద్రం మీదికి వెళితే పోయేవి మనుషుల ప్రాణాలు కాబట్టి అక్కడ ఆ మాట అంత గట్టిగా ఉండేది. ఇక్కడ పోయేది బియ్యమూ సిమెంటే అయినా దశరథరామయ్య దాన్ని సడలించలేదు.

ఇవాళ సొలొమోను పట్టా పరీక్ష.

సొలొమోనుది నందిగామ పక్క ఊరు. ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్లవాణ్ణి, పద్దెనిమిది నిండగానే, తల్లి కరుణమ్మ తీసుకొచ్చి తాంబూలం ఇచ్చి వెళ్ళింది. పల్చటి మనిషి, మాట తక్కువ. నిరుడు పరీక్షలో మూల దగ్గర కారింది. ఒక్క మాట అనకుండా ఆ మూల విప్పుకుని, మళ్ళీ ఏడాదికి కూర్చున్నాడు. ఈసారి సంగతి వేరు. కాకినాడ రేవులో ఎగుమతి బియ్యం గుట్టల మీద కప్పే పట్టాలు కుట్టించే భవానీప్రసాద్ అనే ఆయనకి చేతికుట్టు తెలిసిన మనిషి కావాలి. రేపటికల్లా వస్తే పని, లేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటానన్నాడు. గది ఇస్తాడు, తల్లిని కూడా తెచ్చుకోవచ్చు. మిరపతోటల్లో ఒంగి ఒంగి కరుణమ్మ నడుము పోయి చాలా కాలమైంది.

కాబట్టి పట్టా కారకూడదు. ఆ సంగతి దశరథరామయ్యకి బాగా తెలుసు. అయినా పొద్దున్నించీ ఆయన మనసులో ఒక మూల, కారితే బాగుండుననే ఉంది. పొద్దున క్యారేజీ సర్దుతూ భార్య ప్రసూనాంబ ఆయన మొహం చూసి కనిపెట్టేసింది.

"వాడికిష్టమని మామిడికాయ పప్పు పెట్టా. మీరు మాత్రం పైనుంచి చుక్క పడాలని కోరుకోకండి, పాపం తగులుద్ది" అంది.

"నేనెందుకు కోరుకుంటానే" అన్నాడాయన, చెప్పులు వెతుక్కుంటూ.

కోరుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ళుగా ఆయన కళ్ళకు మసక కమ్ముతోంది. దబ్బనంలో దారం ఎక్కించడం ఆయనకి చేతకావడం లేదు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, సొలొమోను అడగలేదు. ఒకరోజు పొద్దున వచ్చేసరికి దబ్బనాలన్నీ దారాలు ఎక్కించి, బల్ల అంచున వరసగా గుచ్చి ఉన్నాయి. ఆ రోజు నుంచి రోజూ అంతే. ఇవాళ కూడా అలాగే ఉన్నాయి. కుర్రాడు పోతే రేపు వాటిని ఎవరు ఎక్కిస్తారు? కొట్టు మూసుకోవాలి. మూసుకుని ఇంట్లో కూర్చుంటే తాను ఏమవుతాడో ఆయనకి ఊహకు కూడా అందడం లేదు.

పొద్దెక్కాక జగన్నాథరావు లారీ, దాని వెనకే ఆయన కారు వచ్చి ఆగాయి. ఆయనది నందిగామ, నాలుగు లారీల ఆసామి. పరీక్ష పెట్టబోయే పట్టా కొనుక్కున్నది ఆయనే. ఇక్కణ్ణించి నందిగామ మిల్లుకు పోయి బియ్యం ఎత్తుకుని, రాత్రికి కాకినాడ దారి పడుతుంది ఆ లారీ. పట్టా పాసైతే సొలొమోను కూడా అందులోనే పోతాడు. డ్రైవరు వెంకట్‌ది సూర్యాపేట వైపు.

"ఏం రామయ్యగారూ, మీ పట్టాకి పరీక్షేంటండి, సముద్రంలోకి తోసినా సరుకు తడవదు" అన్నాడు జగన్నాథరావు కారు దిగుతూ.

"నా పట్టా కాదండి, వాడిది" అన్నాడు దశరథరామయ్య.

ఖాళీ లారీ బాడీ మీద నడుమ ఒక వాసం అడ్డంగా కట్టి, దానిమీదుగా పట్టా కప్పి, తాళ్ళు బిగించారు. పక్క దాబా బోరు పైపు సొలొమోను చేతికిచ్చారు. ఎంతసేపు నీళ్ళు పొయ్యాలన్నదానికి గడియారం లేదు. దాబాలో అన్నానికి ఎసట్లో బియ్యం పోసినప్పుడు మొదలుపెట్టి, గంజి వార్చేదాకా పొయ్యాలి. అదీ మీరాసాహెబ్ పెట్టిన లెక్కే. దశరథరామయ్య చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఒంటి మీద గుడ్డ ఉంటే చుక్క పడ్డా తెలియదు. కళ్ళజోడు కూడా తీసేసి, పంచె ఎగ్గట్టి, వెనక తలుపు పట్టుకుని ఎక్కబోతుంటే సొలొమోను వచ్చి మోచెయ్యి కింద చెయ్యి వేసి ఎక్కించాడు.

"బియ్యం పోశా" అని దాబాలోంచి వంటవాడు కేకేశాడు.

లోపల చీకటి. ఉక్క, మైనం వాసన, కొత్త కాన్వాసు వాసన. దశరథరామయ్య బోర్లించిన గంప మీద కూర్చున్నాడు. పైన నీళ్ళు పడటం మొదలైంది. ఆ చప్పుడు ఆయనకు ప్రాణం. గురువు తనని విడుదల చేసిన రోజున తాను బయట బిందెలతో నీళ్ళు పోస్తూ లోపల్నించి ఏ మాట వస్తుందోనని వణికిపోయాడు. ఇప్పుడు బయట వణికేది ఇంకొకడు. మూలలు పొడిగా ఉన్నాయి. నిరుడు కారిన చోట చెయ్యి పెట్టి చూశాడు, ఎండుటాకులా ఉంది. అంచులు తడిమాడు, రింగుల చుట్టూ తడిమాడు. ఎంత బాగా కుట్టాడు వెధవ, అనుకున్నాడు.

అప్పుడు మెడ మీద ఒక చుక్క పడింది.

ముందు మనసు సంతోషించింది. సిగ్గు ఆ తరువాత వచ్చింది. ఇంకో ఏడాది వాడు ఇక్కడే ఉంటాడు, దబ్బనాలకు దారాలు ఎక్కిస్తాడు, మామిడికాయ పప్పు తింటాడు. ఎవరినీ మోసం చేసినట్టు కాదు, చుక్క నిజంగానే పడింది. ఇంకోటి పడింది, భుజం మీద. ఎక్కడ కారిందో చూపించడం గురువు వంతు కాబట్టి, ఆయన గంప మీద లేచి నుంచుని నడిమి కుట్టును వేళ్ళతో వెతికాడు. తడి తగిలింది. తడి పొడుగునా వేళ్ళు పోనిచ్చి ఆగిపోయాడు.

అందరి కుట్టూ కుడికి వాలుతుంది. ఈ కుట్టు ఎడమకి వాలి ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతవరకూ చెప్పకపోవడానికి కారణం, దాన్ని చెప్పుకోదగ్గ సంగతిగా దశరథరామయ్యే అనుకోకపోవడం. మొన్న సొలొమోనుకు జ్వరం వచ్చి, తాను ఉండే అటక మీద పడి ఉన్నప్పుడు, నడిమి కుట్టు సగంలో ఆగిన ఈ పట్టా, వాడు దారం ఎక్కించిన దబ్బనంతో సహా బల్ల మీద ఉంది. మృగశిర దగ్గర పడుతోంది. పిల్లవాడికి వేళకి పూర్తవుతుందో లేదోనని ఆయన ఒక పొద్దున మూరెడు కుట్టిపెట్టాడు. అంతే. నిద్రలో ఉన్న పిల్లవాడికి దుప్పటి కప్పినట్టే అనుకున్నాడు గాని, వాడొక్కడే కుట్టాలన్న కట్టుబాటు ఆయనకి తట్టనేలేదు. తన చేతికుట్టు కారుతుందన్న ఆలోచన అసలే రాలేదు. ఇప్పుడు ఆ మూరెడు పొడుగునా దబ్బనం గుచ్చిన రంధ్రాలు ఎడంగా, దారం వదులుగా, వేళ్ళకి తెలుస్తోంది. ఇటు పక్కా అటు పక్కా పిల్లవాడి కుట్టు రాయిలా ఉంది.

ఆయన మళ్ళీ గంప మీద కూర్చున్నాడు. అన్నం ఇంకా ఉడకలేదు. చుక్కలు మీద పడుతూనే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. కారింది అని ఒక్క మాట అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. వాడు తల దించుకుని ఒప్పుకుంటాడు, నిరుడు ఒప్పుకున్నట్టే. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కరి సరుకూ తడవనివ్వలేదు. ఇప్పుడు ఒకడి బతుకు తడవనిస్తాడా?

"వార్చేశా" అని కేక వినిపించింది. నీళ్ళు ఆగాయి.

ఆయన దిగాడు. మెడ, భుజాలు తడిసి ఉన్నాయి. పైపు పట్టుకుని నిలబడ్డ సొలొమోను ఆ తడి చూశాడు. చూసి, పైపును మెల్లగా కింద పెట్టాడు.

"గా తడి చెమటేనా పెద్దాయనా?" అన్నాడు వెంకట్, ఆశగా.

"చెమట కాదు. కారింది" అన్నాడు దశరథరామయ్య. సొలొమోను తల వంచాడు. "నడిమి కుట్టులో, మూరెడు మేర. ఆ మూరెడూ వీడు కుట్టింది కాదండి, నేను కుట్టింది. తక్కిందంతా వీడిదే. ఎక్కడా చెమ్మ లేదు."

జగన్నాథరావు నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. "మీ కుట్టు కారటమేంటండి?"

"కళ్ళు ఆనటం లేదు రావుగారూ. చాన్నాళ్ళయింది. నేనే ఒప్పుకోలేదు. ఈ మధ్య నా చేత్తో కుట్టినవి మీ దగ్గర రెండున్నాయి. తీసుకొచ్చి పడెయ్యండి, మంచి చేత్తో కుట్టించి ఇస్తా."

దాబా ముందు కూర్చున్న డ్రైవర్లు కూడా విన్నారు. రేపటికల్లా ఈ మాట సూర్యాపేట నుంచి పరిటాల దాకా పాకుతుందని ఆయనకి తెలుసు. లారీవాళ్ళ నోళ్ళకి చెక్‌పోస్టులు లేవు. అయినా ఆయనకి ఒంటి మీంచి బరువు దింపినట్టే ఉంది.

"నాకు తెలుసండి మేస్త్రిగారూ" అన్నాడు సొలొమోను.

"ఏం తెలుసురా?"

"జరం తగ్గి లేచిన రోజే చూశానండి. ఎడంచేతి కుట్టు ఇంకెవరిది ఉంటదండి ఇక్కడ."

"వదులుగా ఉందని తెలవలా?"

"తెలిసిందండి."

"మరి విప్పి కుట్టుకోవేం? కారుద్దని తెలిసి వదిలేశావా? కాకినాడ పోవక్కర్లేదా నీకు?"

సొలొమోను కాలి బొటనవేలితో తడి నేలను రాశాడు.

"మీ కుట్టు విప్పటానికి చెయ్యి రాలేదండి" అన్నాడు.

దశరథరామయ్య మేకు మీది చొక్కా అందుకుని తొడుక్కోబోయాడు గాని చెయ్యి దూరలేదు. తల్లి నడుము, రేవులో గది, మరో ఏడాది, అన్నీ ఆ మూరెడు దారం కింద పెట్టి ఊరుకున్నాడు కుర్రాడు. తన మీద లోకంలో ఎవరికైనా అంత ప్రేమ ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. వెంకట్ అటు తిరిగి, గట్టిగానే ఉన్న తాళ్ళను మళ్ళీ బిగించాడు.

"ఇప్పుడు విప్పు" అన్నాడు దశరథరామయ్య.

"నా వల్ల కాదండి."

"గురువు తప్పు విప్పలేనివాడికి పని వచ్చినట్టు కాదురా. నా ఎదురుగానే విప్పు. నేను పట్టుకుంటా."

పట్టాని దించి బల్ల మీద పరిచారు. దశరథరామయ్య రెండు చేతులతో కాన్వాసును బిగదీసి పట్టుకున్నాడు. సొలొమోను దబ్బనం మొనతో ఒక్కొక్క కుట్టూ లేపి, దారం తెగకుండా, తొందరపడకుండా బయటికి లాగాడు. అంతా విప్పాక దాన్ని పక్కన పెట్టి, కొత్త దారంతో కుట్టడం మొదలుపెట్టాడు. దబ్బనం దిగుతున్నప్పుడల్లా దాన్ని నెట్టడానికి అరచేతికి కట్టుకున్న తోలు పట్టీ 'టక్'మంటోంది. ఆ చప్పుడు ఎడం లేకుండా, తేడా లేకుండా సాగింది. కళ్ళు కనిపించకపోయినా దశరథరామయ్యకి చెవులు బాగానే ఉన్నాయి.

"మల్లా నీళ్ళు కొట్టాల్నా?" అన్నాడు వెంకట్, కుట్టు ముగిశాక.

"అక్కర్లేదు" అన్నాడాయన.

క్యారేజీ విప్పి ఇద్దరూ ఎప్పటిలాగే ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఒకే గిన్నెలో పప్పు కలుపుకుంటారని బజారులో చుట్టాలు మొదట్లో గొణిగేవాళ్ళు. ఆయన వినిపించుకోకపోయేసరికి విసుగొచ్చి మానేశారు. సొలొమోను ఇవాళ సరిగ్గా తినలేకపోయాడు. దశరథరామయ్య తన వాటా పప్పు కూడా వాడి కంచంలోకి జరిపి, తిను, దారిలో ఏం దొరుకుద్దో ఏమో అన్నాడు.

తమలపాకులు, వక్క తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. నాడు కరుణమ్మ ఇచ్చిన మాటను తిరిగి ఇచ్చేసినట్టు లెక్క. వాడు ఒంగి కాళ్ళకి దండం పెట్టాడు. లేవడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

"అమ్మగారికి చెప్పండి" అన్నాడు.

"చెప్తా. నందిగామలో మీ అమ్మని ఎక్కించుకో, ఏడిపించబాక. పరిటాల దాటాక ఫోన్ చెయ్యి."

"మీ కళ్ళు చూపించుకోండి మేస్త్రిగారూ."

"పో పో, లారీ కదులుతోంది."

లారీ హైవే ఎక్కింది. దాని మీద మడిచి కట్టిన పట్టా మసకగా, ఒక మచ్చలా కనిపించి, బారులో ఉన్న మిగతా లారీల్లో కలిసిపోయింది. దశరథరామయ్య చాలాసేపు అటే చూశాడు. తరువాత ప్రసూనాంబకి ఫోన్ చేసి, చుక్క పడిందని, అది తన కుట్టులోంచేనని చెప్పాడు. ఆవిడ, "మంచి పని చేశారు. రేపు విజయవాడ పోయి కళ్ళు చూపించుకుందాం" అంది. సరేనన్నాడు. ఇన్నాళ్ళూ వాయిదా వేసిన మాటకు అంత తేలిగ్గా సరే అన్నందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

పొద్దు వాలింది. బల్ల తుడవడానికి గుడ్డ తీశాడు గాని, తుడవలేదు. బల్ల మీద విప్పిన దారం మూరెడు పొడుగున పడి ఉంది. ఎక్కడా తెగలేదు, మైనం మెరుపు పోలేదు, ఒక్కో కుట్టుకి ఒక్కో వంకర చొప్పున ఎడమకి వాలి అలాగే ఉంది.